ఎక్కువొచ్చిన 23,460

మన క్లబ్ సంపాదక వర్గం నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, ఈ సంచికలో సీనియర్ల ఉద్యోగ అనుభవాలు వేస్తున్నాం, మీరూ ఒకటి రాయండి" అంది. "నేను సాఫ్ట్‌వేర్‌లో లేనమ్మా" అన్నా. "కోర్‌లో ఉన్నారా? ఇంకా మంచిది అన్నా" అంది. మెకానికల్ వాణ్ణి కాబట్టి అలా అనుకుంది పాపం. "కోర్ కూడా కాదు, మ్యూజియంలో అకౌంటెంట్‌ని" అన్నాక అటువైపు రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత చాలా మర్యాదగా, "వెరైటీగా ఉంటుంది అన్నా, రాయండి" అంది.

ఆ రెండు క్షణాలు నాకు బాగా అలవాటు. మా బ్యాచ్ వాళ్ళ పెళ్ళిళ్ళలో భోజనాల బంతి దగ్గర ఎవరో ఒకరు "ఏం చేస్తున్నావ్ మావా?" అంటారు. నేను చెప్తాను. వాడు ముందు నవ్వుతాడు, నేను నవ్వకపోయేసరికి ఆపేస్తాడు. "బీటెక్ చేసి అకౌంటెంటా?" అని నోటితో అడిగినవాళ్ళు తక్కువే. కళ్ళతో మాత్రం అందరూ అడిగారు.

ఎలా వచ్చానో రెండు మాటల్లో చెప్పేస్తా, అందులో విశేషం లేదు. ప్లేస్‌మెంట్ రాలేదు. రెండేళ్ళు రూములో పడుకుని పోటీ పరీక్షలు రాశా. ఒక పెద్ద మ్యూజియం వాళ్ళ నోటిఫికేషన్ కనపడింది, ఏ డిగ్రీ అయినా సరే అన్నారు, అకౌంట్స్ మీద పరీక్ష పెట్టారు. మన మెఫా పేపరుకి రాత్రికి రాత్రి చదివిన డిప్రిసియేషన్ చాప్టర్ జీవితంలో మళ్ళీ పనికొస్తుందని ఎవడనుకున్నాడు? ఉద్యోగం వచ్చింది. మన రాష్ట్రాలు రెండూ దాటి, రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ పోతే వచ్చే ఊరు. మ్యూజియం పేరు మాత్రం రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఇంట్లో సంగతి వేరు. మా నాన్న తెనాలి దగ్గర ఒక రైసుమిల్లులో గుమస్తా. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ని చిట్టా ముందు కూచున్న మనిషిగానే చూశా. పగలంతా కాటా దగ్గర బస్తాలు లెక్కపెట్టి, సాయంత్రం చిట్టా రాసి, వారానికోసారి అందులో పద్దులు ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ధాన్యం, బియ్యం, నూక, తవుడు అన్నిటికీ వేరువేరు ఖాతాలు. నన్ను ఇంజినీరింగ్‌లో చేర్పించిన రోజు, "మనింట్లో ఒక్క గుమస్తా చాలురా" అన్నాడు. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, "సెంట్రల్ గవర్నమెంటు గ్రాంటుతో నడిచేదా? మంచిదే" అని, కాసేపాగి, "అంటే గుమస్తానేగా" అన్నాడు. తిట్టినట్టు కాదు. రాసిన పద్దు సరిచూసుకున్నట్టు అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

మ్యూజియంలో అకౌంటెంట్ అంటే శిల్పాల మధ్య తిరిగే పని అనుకోకండి. మా సెక్షన్ వెనకవైపు బిల్డింగులో, జనరేటర్ గది పక్కన. మొదటి ఆర్నెల్లలో నేను గ్యాలరీలోకి వెళ్ళింది రెండుసార్లు, అదీ ఎలక్ట్రీషియన్ బిల్లు మీద ఎన్ని లైట్లు మార్చాడో లెక్కపెట్టటానికి. మా గ్రాంటు మూడు సంచుల్లో వస్తుంది. జీతాలకి ఒకటి, మామూలు ఖర్చులకి ఒకటి, ఆస్తుల కల్పనకి ఒకటి. ఒక సంచిలోది తీసి ఇంకో సంచిలో వెయ్యకూడదు. ఏడాది చివర ఎంత వాడామో 12-ఎ అనే ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాసివ్వాలి. మిగిలింది, దాని మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీతో సహా, వెనక్కి కట్టాలి. లెక్కలు జూన్ 30 కల్లా ఆడిట్‌కి అందాలి, ఆడిట్ రిపోర్టుతో కలిపి డిసెంబరు 31 లోపు పార్లమెంటుకి పెట్టటానికి మంత్రిత్వ శాఖకి చేరాలి. అంటే నేను రాసిన టీ ఖర్చు పద్దు కూడా ఎక్కడో ఒక మొత్తంలో కలిసిపోయి పార్లమెంటు బల్ల మీదికి వెళ్తుంది. మొదటిసారి ఇది విన్నప్పుడు వెన్నులో చలేసింది. ఇప్పుడు వెయ్యట్లేదు. కొంచెం వేస్తే మంచిదే.

వీటన్నిటికీ బైబిల్లాంటిది ఒక పుస్తకం ఉంది, జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017. నిద్ర రాని రాత్రుల్లో చదువుకోవచ్చు. అందులో 215వ రూలు మాత్రం మీకు చెప్పాలి. లైబ్రరీలో ఏడాదికి వెయ్యి పుస్తకాలు చేతులు మారితే, అయిదు పోవటం సహజమేనంటుంది. అయితే అందులో మోసమూ నిర్లక్ష్యమూ ఉండకూడదు, వెయ్యి రూపాయల పైన ఖరీదున్న పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే ఎంక్వైరీ చెయ్యాల్సిందే. మన కాలేజీ లైబ్రేరియన్ సార్‌కి ఈ రూలు తెలిసుంటే నా హాల్ టికెట్ ఆపేవాడు కాదు.

నాకు నిజంగా ఆశ్చర్యం కలిగించింది స్థిరాస్తుల పట్టిక. ఫ్యాన్లు, కుర్చీలు, ఏసీలు, సీసీ కెమెరాలు, గ్యాలరీలో గాజుపెట్టెలు అన్నీ ఉన్నాయి. ఎప్పుడు కొన్నాం, ఎంతకి కొన్నాం, ఏటా ఎంత తరుగు రాసి ఇప్పుడు ఎంత విలువ మిగిలింది, అంతా ఉంది. గాజుపెట్టె లోపల ఉన్న, వెయ్యేళ్ళు దాటిన విగ్రహం మాత్రం లేదు. అది క్యూరేటర్ల రిజిస్టర్‌లో ఉంటుంది, నంబరుతో, కొలతలతో, ఫొటోతో. దానికి విలువ వేసి నా పుస్తకంలోకి ఎవరూ తేలేదు. పొరపాటనుకుని మా సూపరింటెండెంట్ మేడమ్‌ని అడిగా. ఆవిడ కళ్ళజోడు తీసి, "పెట్టెకి రేటు ఉంది. విగ్రహానికి నువ్వు రేటు వేస్తావా? వెయ్యి, సంతకం పెడతా" అంది.

తర్వాత తెలిసింది, ఇది మా ఒక్కళ్ళ సంగతి కాదు. అమెరికాలో 1993 నుంచీ ఉన్న అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, జనం చూడటానికో చదువుకోవటానికో ఉంచి, జాగ్రత్తగా కాపాడుతూ, ఒకవేళ అమ్మితే ఆ డబ్బుతో మళ్ళీ కళాఖండాలు కొనటమో, ఉన్నవాటిని కాపాడటమో చేసే పద్ధతి ఉంటే, మ్యూజియం తన సేకరణని ఆస్తుల్లో చూపించక్కర్లేదు. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం బ్యాలెన్స్ షీట్‌లో ఆ సేకరణకి విలువ ఉండదు. బ్రిటన్‌లో జాతీయ మ్యూజియంలు 2001 నుంచి కొన్నవాటిని పుస్తకాల్లోకి ఎక్కించాయి కానీ, అంతకుముందు రెండున్నర శతాబ్దాల పాటు పోగైన వాటి జోలికి పోలేదు. లెక్క వెయ్యటానికి అయ్యే ఖర్చు ఆ లెక్క వల్ల వచ్చే ఉపయోగం కన్నా ఎక్కువని.

రేటు వేస్తే ఏమవుతుందో డెట్రాయిట్‌లో చూశారు. 2013లో ఆ ఊరు దివాలా తీసింది. అప్పులవాళ్ళ కళ్ళు ఊరి మ్యూజియం మీద పడ్డాయి. వేలం కంపెనీ క్రిస్టీస్ వాళ్ళు వచ్చి, ఊరి సొమ్ముతో కొన్న బొమ్మలకే 45 కోట్ల నుంచి 87 కోట్ల డాలర్ల దాకా వస్తుందని లెక్క తేల్చారు. అప్పటిదాకా అది గోడ మీద బొమ్మ. ఆ కాగితం వచ్చాక రిటైరైన ఉద్యోగుల పింఛనుకీ ఆ బొమ్మకీ మధ్య పోటీ. చివరికి ట్రస్టులూ దాతలూ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి పింఛన్లకి డబ్బిచ్చి, మ్యూజియంని విడిగా స్వతంత్ర సంస్థకి అప్పజెప్పి 2014లో గట్టెక్కించారు. ఇది చదివాక మా గాజుపెట్టెని చూసినప్పుడల్లా, లోపలి విగ్రహం నా పుస్తకంలో లేకపోవటమే దానికి క్షేమమేమో అనిపించేది.

చిన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్‌లో హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూశా. మేలిముసుగు రెబెక్కా ముందు మా మాస్టారు, "రాతిలో బట్ట చూశార్రా" అని అరుస్తుంటే మేం గడియారం దగ్గరికి పరిగెత్తాం, గంట కొట్టే బొమ్మ బయటికొచ్చే టైమైందని. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ రెబెక్కాని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడట. కొన్న రోజున ఎవరో ఒక గుమస్తా ఏదో ఒక పుస్తకంలో ఆ ఖర్చు పద్దు రాసే ఉంటాడు కదా. ఇప్పుడు నాకు ఆ గుమస్తా మీదే ధ్యాస. ఉద్యోగం మనిషిని ఇలా పాడుచేస్తుంది.

సరే, అసలు విషయం. ఇదంతా రాసింది ఆ విషయం కాస్త వాయిదా వేద్దామనే.

మాకు గ్రాంటు కాక సొంత ఆదాయం టిక్కెట్లు. మూడు కౌంటర్లు, ఒక్కో కౌంటర్‌లో ఒక టిక్కెట్ మిషను. సాయంత్రం గేటు మూశాక మిషను నుంచి ఆ రోజు మొత్తం చీటీ వస్తుంది. కౌంటర్ మనిషి ఆ చీటీనీ నగదునీ క్యాషియర్‌కి అప్పజెప్తాడు, మర్నాడు బ్యాంకులో కడతారు. మూడు నెలలకోసారి ఆ చీటీలనీ బ్యాంకు జమల్నీ అకౌంటెంట్ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. నాకు ముందున్నాయన బైండు పుస్తకంలో అతికించిన చీటీలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ నాలుగు రోజులు చేసేవాడట.

నేను ఇంజినీర్ని కదా. నాలుగు రోజులేంటి, నాలుగు నిమిషాల్లో చేస్తా అన్నా. మిషన్ల కంపెనీ వాడి దగ్గర జనవరి నుంచి మార్చి దాకా ప్రతి టిక్కెట్టు డేటా సీఎస్వీ ఫైలుగా తెప్పించా. పైథాన్‌లో స్క్రిప్ట్ రాశా. రెండు రాత్రులు కూచుని రాసి, రన్ చేసి, బ్యాంకు జమలతో పోల్చి చూస్తే తేడా వచ్చింది. టిక్కెట్ల లెక్క కన్నా బ్యాంకులో 23,460 రూపాయలు ఎక్కువ.

ఎక్కువే కదా, హాయి అనుకుంటున్నారా? నేనూ ఒక పూట అలాగే అనుకున్నా. మేడమ్ మొహం మారిపోయింది. డబ్బు తక్కువొస్తే ఎవరో తీశారని. ఎక్కువొస్తే టిక్కెట్టు కొట్టకుండా జనం దగ్గర డబ్బు తీసుకున్నారని. అలా తీసుకున్నదంతా బ్యాంకులో కడతారా? కొంత కట్టారంటే కొంత జేబులోకి పోయి ఉంటుంది కదా. లేదా వాడేసిన టిక్కెట్టు మళ్ళీ అమ్మి ఉంటారు. ఆడిట్‌కి ఈ కాగితం వెళ్తే ముందు అడిగేది అదే.

కౌంటర్ల వారీగా విడగొట్టా. తేడాలో మూడొంతులు ఒకటో నంబర్ కౌంటర్‌దే.

ఒకటో కౌంటర్‌లో ఉండేది ఒక పెద్దాయన. అరవై దగ్గర పడుతున్న మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి, ఏటా రెన్యువల్. నేను కొత్తగా ఊళ్ళో దిగినప్పుడు రూము వెతికిపెట్టిందీ, హిందీలో 'బేరం' ఆడటం నేర్పిందీ ఆయనే. నేను చాచాజీ అనేవాణ్ణి, ఆయన నన్ను బేటా అనేవాడు. సాయంత్రం నాలుగింటికి కౌంటర్‌లోకి పిలిచి తన ఫ్లాస్కులోంచి టీ పోసేవాడు. ఆదివారం నాడు ఆయన పని చూడాలి. ఎడమచేత్తో నోటు, కుడిచేత్తో మీట, చిల్లర గ్లాసులోంచి చూడకుండా తీస్తాడు. "ఎంతమంది? పిల్లలెందరు?" అన్న మాట పూర్తయ్యేలోపు టిక్కెట్టు బయటికొచ్చేది.

మెమో డ్రాఫ్ట్ చేసింది నేను. ఇది రాయటానికే ఇంత తిరిగొచ్చా. మేడమ్ సంతకం పెట్టింది కానీ, పదాలు నావి. 'ఫలానా మూడు నెలల్లో మీ కౌంటర్‌లో నగదుకీ టిక్కెట్ల అమ్మకానికీ మధ్య వచ్చిన తేడాకి మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి.' ఇంగ్లీషులో చాలా బాగా వచ్చింది. కొంచెం గర్వపడ్డాను కూడా, దాచటమెందుకు. మిగతా రెండు కౌంటర్లకి ఇవ్వలేదు, తేడా చిన్నదని.

మరుసటి రోజు పొద్దున ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూచోమన్నా కూచోలేదు. హిందీలో నాలుగు లైన్ల కాగితం ఇచ్చాడు. 'ప్రతి రోజూ చీటీతో సరిపోయేంత నగదు అప్పజెప్పాను. మిషను లోపల ఏముందో నాకు తెలీదు. దయచేసి మళ్ళీ లెక్కపెట్టండి.' కింద సంతకం. కాగితం నా చేతికిస్తూ, "దేఖ్ లీజియే, సర్" అన్నాడు. బేటా పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన దొంగ అని నేను నమ్మానా? నమ్మలేదు. కానీ నా కోడ్ తప్పని కూడా నమ్మలేదు. రెండూ ఎలా కుదురుతాయో ఆలోచించకుండా పడుకున్నా. తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేశాడు, అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి ఏదో చెప్పటానికి. నా గొంతు పట్టేశాడు.

"ఏంట్రా, లెక్క తేలలేదా?"

అలా ఎలా అడిగాడో నాకిప్పటికీ తెలీదు. గుమస్తాల గొంతు గుమస్తాలకి తెలుస్తుందేమో. మొత్తం చెప్పేశా.

"ఎంత తేడా?"

"23,460. ఎక్కువ నాన్నా, తక్కువ కాదు."

"ఎక్కువంటే ఇంకా కంగారు పడాలి. తొమ్మిదితో భాగించు, పోతుందా?"

"పోదు." ఇది మీకు తెలుసో లేదో, రాసేటప్పుడు 54 బదులు 45 అని అంకెలు అటూఇటూ అయితే, తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. లెక్కల్లో రుజువు చెయ్యటం తేలిక, చేసి చూడండి. మా నాన్నకి రుజువు తెలీదు. ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్నాడు.

"సగం చేస్తే వచ్చే అంకె పద్దుల్లో ఎక్కడన్నా ఉందా? జమ వెయ్యాల్సింది ఖర్చులో వేస్తే రెట్టింపు తేడా వస్తుంది."

"లేదు నాన్నా. ఇందులో అన్నీ జమలే."

"అయితే అంకె తప్పు కాదు. పద్దే పోయింది. ఏ రోజుల్లో ఎక్కువ తేడా ఉంది?"

లాప్‌టాప్ తెరిచి చూశా. ఆదివారాలు. జనవరి 26. స్కూళ్ళ పిల్లలు వచ్చిన రోజులు. మంగళ బుధవారాల్లో దాదాపు సున్నా.

"జనంతో పాటే తేడా పెరుగుతోందిగా. సంక్రాంతి తర్వాత మా మిల్లుకి బళ్ళన్నీ ఒకేసారి వస్తాయి. అప్పుడు కాటా దగ్గర పిల్లాడు రెండు బళ్ళని ఒక బండి అని రాసేస్తాడు. ఒకే రైతువి, ఒకే బరువు, ఒకదాని వెనక ఒకటి. రాసిందే మళ్ళీ రాస్తున్నానేమో అనుకుని వదిలేస్తాడు. నీ మిషను కూడా అట్టా వదిలేసిందేమో చూడు."

మిషను వదిలెయ్యలేదు. వదిలేసింది నేను.

కోడ్‌లో పదకొండో లైను: డ్రాప్ డూప్లికేట్స్. ఇంటర్న్‌షిప్ ట్రైనింగ్‌లో నేర్పారు, డేటా రాగానే ముందు డూప్లికేట్లు తీసెయ్యాలని. తీసేశా. మరి ప్రతి టిక్కెట్టుకీ వేరే సీరియల్ నంబర్ ఉంటుంది కదా, డూప్లికేట్ ఎలా అవుతుందంటారా? ఆ ఫైలుని ఒకసారి చూద్దామని ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి మూశా. పద్నాలుగంకెల సీరియల్ నంబర్లన్నిటినీ ఎక్సెల్ 2.02E+13 చేసి పెట్టింది. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఈ కాలమ్ దేనికీ పనికిరాదని పీకేశా. ఇక మిగిలింది తేదీ, టైము, కౌంటర్, రకం, మొత్తం. టైము నిమిషాల్లోనే, సెకన్లు లేవు. ఒకే నిమిషంలో ఒకే కౌంటర్‌లో ఇద్దరు పెద్దవాళ్ళకి టిక్కెట్టు, వెంటనే ఇంకో ఇద్దరికి టిక్కెట్టు. నా కోడ్ దృష్టిలో అవి రెండూ ఒకటే. రెండోది చెరిపేసింది.

ఒకటో కౌంటర్‌లోనే తేడా ఎందుకు ఎక్కువ? ఆయన చెయ్యి వేగం కాబట్టి. మిగతా ఇద్దరూ నిమిషానికి ఒకటో రెండో కొడితే ఆయన నాలుగు కొట్టేవాడు. ఎంత వేగంగా పని చేస్తే అన్ని టిక్కెట్లు నా లెక్కలోంచి ఎగిరిపోయాయి. ఆయన నెమ్మదిగా, బద్ధకంగా కూచునే మనిషైతే ఆ మెమో వచ్చేది కాదు.

కంపెనీ పంపిన మెయిల్లోంచి అసలు ఫైలు మళ్ళీ దించుకుని, పదకొండో లైను తీసేసి రన్ చేశా. తేడా సున్నా. రూపాయి కూడా లేదు. పొద్దున్నే అందరికన్నా ముందు ఆఫీసుకెళ్ళి, చెయ్యాల్సిన పని అప్పుడు చేశా. బైండు పుస్తకం తీసి, జనవరి 26 చీటీ చూశా. బ్యాంకు జమతో సరిగ్గా సరిపోయింది. ఆ పుస్తకం మూడు నెలలుగా నా వెనక బీరువాలోనే ఉంది. చాచాజీ కాగితంలో రాసింది కూడా అదే, చీటీ చూడమని. పాతకాలపు పద్ధతి కదా అని నేను పుస్తకం తెరవనే లేదు.

మేడమ్ రాగానే చెప్పేశా. ఆవిడ చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "ఎలా రాశావో అలాగే వెనక్కి తీసుకో. కాగితం మీద. నోటితో కాదు" అంది. రాశా. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది, కౌంటర్ లెక్కల్లో ఏ తేడా లేదు, మెమో ఉపసంహరించుకుంటున్నాం. ఇంగ్లీషులో రాసి కింద హిందీలో కూడా రాశా. నా హిందీలో రెండు తప్పులున్నాయని తర్వాత తెలిసింది. ఆయన ఫైల్లో మెమో పక్కనే ఆ కాగితం కూడా పెట్టించా. రెన్యువల్‌కి ఫైలు పైకి వెళ్ళింది ఆ తర్వాతే. ఒక్క వారం ముందు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవటం నాకిష్టం లేదు. రెన్యూ అయింది.

నేనే కౌంటర్ దగ్గరికెళ్ళి క్షమించమని అడిగా. ఆయన మిషను మీద దుమ్ము తుడుస్తూ, "గల్తీ సబ్‌సే హోతీ హై, సర్" అన్నాడు. తప్పు ఎవరివల్లనైనా జరుగుతుంది, సార్. మంచిమాటే. కానీ ఆ చివరి సార్ అలాగే ఉండిపోయింది. ఫ్లాస్కు ఇప్పటికీ అక్కడే ఉంటుంది, నాలుగింటికి వెళ్తే టీ పోస్తాడు కూడా. ఇంతకుముందు అడక్కుండా పోసేవాడు, ఇప్పుడు "చాయ్ లేంగే, సర్?" అని అడుగుతాడు. రెండేళ్ళయింది.

స్క్రిప్ట్ మానెయ్యలేదు. ఇప్పటికీ అదే వాడతా. కాకపోతే ప్రతి నెలా కొన్ని చీటీలు చేత్తో తీసి దానితో పోలుస్తా, రద్దీ ఉన్న ఆదివారాలవి తప్పకుండా. సీరియల్ నంబరు కాలమ్‌ని టెక్స్టుగా చదివిస్తా. ఫైలుని ఎక్సెల్‌లో తెరవను. ఎవడైనా తెరిస్తే తిడతా.

పోయిన డిసెంబరులో అమ్మానాన్నా వచ్చారు. మొదటిసారి అంత దూరం రైలు ప్రయాణం, అమ్మ మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని మరీ వచ్చింది. ఉద్యోగి తల్లిదండ్రులు కదా, వెనక గేటు నుంచి తీసుకెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "టిక్కెట్టుకి లెక్క రాసేది నువ్వే, నీ ఇంటివాళ్ళు టిక్కెట్టు లేకుండా వస్తారా?" అన్నాడు. ఆదివారం, బారెడు క్యూ. ఆయనే నిలబడ్డాడు, మేం పక్కన చెట్టు కింద కూచున్నాం.

లోపల అన్నీ చూపించా. పెద్ద విగ్రహం ముందు అమ్మ చెప్పులు విప్పబోతే, అక్కర్లేదమ్మా, ఇది గుడి కాదు అన్నా. అయినా విప్పింది. నాన్న ఎప్పట్లాగే అడిగాడు, "ఎంత ఉంటుందిరా దీని ఖరీదు?" మా పుస్తకంలో లేదు నాన్నా అన్నా. "ఆ పెట్టె?" పెట్టె ఉంది, పదమూడేళ్ళ కిందటిది, తరుగు పోను ఇంత అని చెప్పా. నవ్వుతాడనుకున్నా. తల ఊపాడు. "మా మిల్లులో కూడా గోదాం పద్దు ఉంటుంది, గోదాం వెనక వేపచెట్టు పద్దు ఉండదు. అది కొట్టేస్తే గోదాం పెంకులు ఎండకి పగిలిపోతాయి, అందరికీ తెలుసు" అని ఇంకో బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. నన్ను మళ్ళీ గుమస్తానేగా అంటాడేమో అని రోజంతా చూశా. అనలేదు. ఇంకేమీ కూడా అనలేదు.

బయటికొచ్చాక గేటు పక్కన వేరుశనక్కాయలు కొనుక్కుని కూచున్నాం. నాన్న జేబులోంచి టిక్కెట్లు తీసి, సీరియల్ నంబర్లు రెండూ చదివి, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఒకటో కౌంటర్ వైపు చాలాసేపు చూశాడు. అక్కడ క్యూ ఇంకా తగ్గలేదు.

"ఆయనేనా?" అన్నాడు.

"అవును నాన్నా."

"అయిదొందల నోటిచ్చా. నా వైపు చూడనే లేదు. చిల్లర సరిగ్గా ఇచ్చాడు."